మేఘాలకు పేర్లు పెట్టిన ల్యూక్ హోవర్డ్

ఈ పాఠం చదివిన తరువాత మీరు
– ల్యూక్ హోవర్డ్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు;
– ఆయన మేఘాలను ఏ ఆధారంతో విభజించాడో వివరించగలుగుతారు;
– నేటి ఉపగ్రహాలు మేఘాలను ఎలా గుర్తిస్తాయో, ఆ పనికి హోవర్డ్ పేర్లు ఎంతవరకు ఉపయోగపడుతున్నాయో తెలుసుకుంటారు.

1. పరిచయం

మీరు రోజూ ఆకాశం వైపు చూస్తూనే ఉంటారు. వడ్లు ఆరబోసినవారు మబ్బు పడితే కుప్ప చేస్తారు. బట్టలు ఉతికి ఆరవేసినవారు, చేపల వేటకు బయలుదేరేవారు, ఇటుక బట్టీల్లో పనిచేసేవారు మబ్బును చూసే ఆ పూట పని నిర్ణయించుకుంటారు. దూదిపింజల మబ్బు, కారుమబ్బు, ముసురు మబ్బు అని మన ఊళ్లలో పేర్లు కూడా ఉన్నాయి. అయితే ఒక ఊరివారు చెప్పే పేరు మరో ఊరివారికి అదే అర్థం ఇవ్వకపోవచ్చు. ఒక దేశంవారు చూసిన మబ్బును మరో దేశంవారికి తెలియజెప్పాలంటే ఇంకా కష్టం.

రెండు వందల ఏళ్ల క్రితం వరకు శాస్త్రజ్ఞులకు కూడా ఇదే చిక్కు ఉండేది. మొక్కలకూ జంతువులకూ శాస్త్రీయమైన పేర్లు వచ్చాయి గాని మేఘాలకు రాలేదు. మేఘం నిలకడ లేనిది. చూస్తూ ఉండగానే ఆకారం మారుతుంది, కరిగిపోతుంది. ఇలాంటి వస్తువును వర్గీకరించడం సాధ్యం కాదని చాలామంది అనుకున్నారు. సాధ్యమేనని చూపిన వ్యక్తి ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదు. మందులు తయారుచేసి అమ్ముకునే వ్యాపారి ఆయన. పేరు ల్యూక్ హోవర్డ్.

2. బాల్యం, చదువు

ల్యూక్ హోవర్డ్ 1772 నవంబరు 28న లండన్‌లో జన్మించాడు. తండ్రి రాబర్ట్ హోవర్డ్ తగరపు రేకు సామాను, దీపాలు తయారుచేయించే వ్యాపారి. వారిది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. ఆడంబరం లేని జీవితం, నిజాయితీ, కష్టపడి పనిచేయడం క్వేకర్ల నియమాలు. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి అనే రెండే విశ్వవిద్యాలయాలు ఉండేవి. ప్రభుత్వ మతశాఖను అంగీకరించనివారిని ఆక్స్‌ఫర్డ్ చేర్చుకునేది కాదు. కేంబ్రిడ్జిలో చదివినా వారికి పట్టా ఇచ్చేవారు కాదు. అందువల్ల ఎంత తెలివైన పిల్లవాడైనా క్వేకర్ కుటుంబంలో పుడితే పై చదువుకు దారి మూసుకుపోయినట్లే.

హోవర్డ్‌ను బర్ఫర్డ్ అనే ఊళ్లోని క్వేకర్ పాఠశాలలో చేర్పించారు. అక్కడ లాటిన్ వ్యాకరణం బాగా వల్లె వేయించేవారు. విజ్ఞానశాస్త్రం బోధన మాత్రం అంతంత మాత్రమే. ఇష్టం లేకుండా నేర్చుకున్న ఆ లాటిన్ భాషే తరువాత ఆయనకు ఎలా ఉపయోగపడిందో మున్ముందు చూస్తారు.

ఆయనకు పదేళ్ల వయసులో, 1783లో, ఆకాశంలో వింతలు కనిపించాయి. ఆ సంవత్సరం జూన్‌లో ఐస్‌లాండ్ దేశంలోని లాకి అగ్నిపర్వత ప్రాంతం బద్దలై నెలల తరబడి పొగ, వాయువులు వెదజల్లింది. ఆ పొగమంచు యూరప్ అంతటా వ్యాపించింది. సూర్యుడు ఎర్రగా, మసకగా కనిపించేవాడు. అదే సంవత్సరం ఆగస్టు 18 రాత్రి ఒక పెద్ద ఉల్క ఇంగ్లండు ఆకాశాన్ని వెలిగించుకుంటూ పోయింది. ఈ దృశ్యాలు హోవర్డ్ మనసులో నిలిచిపోయాయి. అప్పటి నుంచి ఆకాశాన్ని పరిశీలించడం ఆయనకు అలవాటుగా మారింది.

3. పని నేర్చుకోవడం, వ్యాపారం

చదువు ముగిశాక తండ్రి ఆయనను స్టాక్‌పోర్టు పట్టణంలో ఒక మందుల వ్యాపారి దగ్గర పనిలో పెట్టాడు. ఆ కాలంలో పని నేర్చుకోదలచిన యువకుడు కొన్ని సంవత్సరాలు యజమాని దగ్గరే ఉండి, చెప్పిన పనల్లా చేయాలి. హోవర్డ్ పగలంతా మందులు నూరి, తూచి, కట్టలు కట్టేవాడు. పని అయ్యాక రసాయనశాస్త్రం, వృక్షశాస్త్రం, ఫ్రెంచి భాష సొంతంగా చదువుకునేవాడు. ఈ విధంగా ఆయన తనకు దొరకని విద్యను తానే సంపాదించుకున్నాడు.

1793లో లండన్‌లోని ఫ్లీట్ వీధి ప్రాంతంలో సొంతంగా మందుల దుకాణం తెరిచాడు. 1796లో మరియాబెల్లా ఎలియట్‌ను వివాహం చేసుకున్నాడు. కొద్ది కాలానికి విలియం అలెన్ అనే మరో క్వేకర్ మందుల వ్యాపారితో భాగస్వామి అయ్యాడు. లండన్ నడిబొడ్డున ప్లౌ కోర్టులోని దుకాణాన్ని అలెన్ చూసుకునేవాడు. ఊరికి తూర్పున ప్లెయిస్టోలో ఉన్న రసాయనాల తయారీ కేంద్రం హోవర్డ్ బాధ్యత. ప్లెయిస్టో అప్పటికి పల్లెటూరు. చుట్టూ పొలాలు, ఎదురుగా విశాలమైన ఆకాశం. పనిమీద వస్తూ పోతూ మేఘాలను గమనించడానికి ఆయనకు కావలసినంత అవకాశం దొరికింది.

పాఠగత ప్రశ్నలు 1
ఖాళీలను పూరించండి.
(అ) హోవర్డ్ కుటుంబం ________ అనే క్రైస్తవ శాఖకు చెందింది.
(ఆ) 1783లో ________ దేశంలో అగ్నిపర్వతం బద్దలైంది.
(ఇ) హోవర్డ్ రసాయనాల తయారీ కేంద్రం ________లో ఉండేది.

4. 1802 నాటి ఉపన్యాసం

అలెన్, హోవర్డ్, వారి మిత్రులు కొందరు కలిసి ఆస్కేసియన్ సంఘం అనే చిన్న సంఘాన్ని నడిపేవారు. ఇది 1796లో ఏర్పడింది. విజ్ఞానశాస్త్రంలో ఆసక్తి ఉన్న యువకులు సాయంత్రాలు ప్లౌ కోర్టులో సమావేశమయ్యేవారు. ప్రతి సభ్యుడూ తన వంతు వచ్చినప్పుడు ఒక వ్యాసం చదవాలి. చదవకపోతే జరిమానా కట్టాలి. 1802 డిసెంబరులో హోవర్డ్ వంతు వచ్చింది. అప్పటికి ఆయన వయసు ముప్ఫై ఏళ్లు. ఆయన ఎంచుకున్న విషయం మేఘాల రూపభేదాలు.

హోవర్డ్ చెప్పిన విషయాన్ని ఇలా అర్థం చేసుకోవచ్చు. మేఘాలు లెక్కలేనన్ని ఆకారాల్లో కనిపిస్తాయి. కానీ శ్రద్ధగా గమనిస్తే వాటికి మూల రూపాలు మూడే ఉన్నాయి.

సిర్రస్: లాటిన్‌లో దీని అర్థం వెంట్రుకల పాయ. ఎత్తున సన్నని పీచులా, ఈకలా కనిపించే తెల్లని మబ్బు.

క్యుములస్: అంటే కుప్ప. అడుగు చదునుగా ఉండి పైకి గుట్టలా పెరిగే మబ్బు. మనం దూదిపింజల మబ్బు అనేది ఎక్కువగా దీనినే.

స్ట్రాటస్: అంటే పరచినది, పొర. ఆకాశం కింది భాగంలో దుప్పటిలా అడ్డంగా పరచుకునే మబ్బు.

ఈ మూడూ ఒకదాని నుంచి మరొకటిగా మారుతుంటాయి, ఒకదానితో ఒకటి కలుస్తుంటాయి. అందుకని మధ్యస్థ రూపాలకు సిర్రో–క్యుములస్, సిర్రో–స్ట్రాటస్ అనీ, కలిసిన రూపానికి క్యుములో–స్ట్రాటస్ అనీ పేర్లు పెట్టాడు. వర్షం కురిపించే మేఘానికి నింబస్ అన్నాడు. మొత్తం ఏడు రకాలు.

ఈ పద్ధతిలోని గొప్పతనం ఎక్కడ ఉందో గమనించండి. మేఘం మారిపోతుంది కాబట్టి దానికి పేరు పెట్టలేం అని ఇతరులు అనుకున్నారు. హోవర్డ్ ఆ మార్పునే తన పద్ధతిలో భాగం చేశాడు. రెండు మూల రూపాల పేర్లను జోడిస్తే వాటి మధ్య జరిగే మార్పుకు పేరు వస్తుంది. మేఘాలు ఇష్టం వచ్చినట్లు పుట్టి పోయేవి కావనీ, వేడి, తేమ, గాలి కదలికలు వాటి రూపాన్ని నిర్ణయిస్తాయనీ ఆయన భావించాడు. అంటే మేఘం ఆకారాన్ని చూసి పైనున్న గాలి స్థితిని ఊహించవచ్చు.

5. పేర్లు ఎందుకు నిలిచాయి?

అదే 1802లో ఫ్రాన్సులో లామార్క్ అనే ప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు కూడా మేఘాలను ఐదు రకాలుగా విభజించాడు. ఆయన పేరున్న శాస్త్రజ్ఞుడు, హోవర్డ్ సామాన్య వ్యాపారి. అయినా లామార్క్ పేర్లు వాడుకలోకి రాలేదు. ఆయన వాటిని ఫ్రెంచి భాషలో పెట్టాడు, వాతావరణ జోస్యాలతో కూడిన ఒక వార్షిక సంచికలో ప్రచురించాడు. హోవర్డ్ మాత్రం లాటిన్‌ను ఎంచుకున్నాడు. ఆనాడు యూరప్‌లో చదువుకున్నవారందరికీ లాటిన్ తెలుసు. అది ఏ ఒక్క దేశపు భాషా కాదు. బర్ఫర్డ్ పాఠశాలలో వల్లె వేసిన లాటిన్ ఆయనకు ఇక్కడ పనికివచ్చింది.

హోవర్డ్ వ్యాసం 1803లో లండన్‌లోని ఒక శాస్త్ర పత్రికలో అచ్చయింది. తరువాత ఇతర భాషల్లోకి వెళ్లింది. కొందరు ఆ పేర్లను సులభమైన ఇంగ్లీషు మాటల్లోకి మార్చాలని చూశారు. హోవర్డ్ ఒప్పుకోలేదు. ప్రతి దేశమూ తన భాషలోకి మార్చుకుంటే ఒకరి పరిశీలన మరొకరికి అర్థం కాని పాత పరిస్థితే మళ్లీ వస్తుందని ఆయన వాదన.

జర్మనీలో మహాకవి గేటే హోవర్డ్ వర్గీకరణను చదివి ఎంతో ముగ్ధుడయ్యాడు. హోవర్డ్ గౌరవార్థం కవిత రాశాడు. ఆయన జీవిత విశేషాలు తెలుసుకోవాలని లండన్‌లోని ఒక పరిచితుడి ద్వారా కబురు పంపాడు. దానికి జవాబుగా 1822లో హోవర్డ్ తన జీవితాన్ని గురించి ఒక లేఖ రాశాడు. మనకు తెలిసిన ఆయన బాల్య విశేషాలు చాలావరకు ఆ లేఖ వల్లనే తెలిశాయి.

6. లండన్ వాతావరణం

హోవర్డ్ పేర్లు పెట్టి ఊరుకోలేదు. ఉష్ణమాపకం, భారమితి, వర్షమాపకం పెట్టుకుని రోజూ వాతావరణాన్ని నమోదు చేశాడు. 1806 చివర మొదలుపెట్టిన ఈ పనిని సంవత్సరాల తరబడి కొనసాగించాడు. 1818–1820 మధ్య లండన్ వాతావరణంపై రెండు సంపుటాల గ్రంథం ప్రచురించాడు. 1833లో అది మూడు సంపుటాలుగా పెరిగింది.

ఈ గ్రంథంలో ఒక కొత్త విషయం బయటపడింది. ఆయన ఊరి బయటి ఉష్ణోగ్రతలను నగరం మధ్యలో తీసిన ఉష్ణోగ్రతలతో పోల్చాడు. రాత్రివేళ నగరం పల్లె కంటే సగటున 3.7 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే సుమారు 2 సెల్సియస్ డిగ్రీలు, ఎక్కువ వెచ్చగా ఉన్నట్లు తేలింది. పొయ్యిలలో కాలే బొగ్గు, కిక్కిరిసిన జనం, దగ్గర దగ్గరగా కట్టిన గోడలు ఇందుకు కారణాలని ఆయన గుర్తించాడు. నగరాలు చుట్టుపక్కల కంటే వేడిగా ఉండే ఈ స్థితిని నేడు నగర ఉష్ణద్వీపం అంటున్నారు. హైదరాబాదు, ఢిల్లీ వంటి నగరాల వేడిని గురించి నేడు జరిగే పరిశోధనలకు తొలి అడుగు ఇదే.

1821లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది. విశ్వవిద్యాలయంలో అడుగు పెట్టని వ్యక్తికి అది పెద్ద గౌరవం.

7. చివరి సంవత్సరాలు

1807లో అలెన్‌తో భాగస్వామ్యం ముగిసింది. రసాయనాల వ్యాపారం హోవర్డ్ కుటుంబం చేతిలో పెరిగింది. వారి సంస్థ తరువాతి కాలంలో మలేరియాకు మందైన క్వినైన్ తయారీలో పేరు పొందింది. ఆయన కుమారుడు జాన్ ఎలియట్ హోవర్డ్ క్వినైన్‌నిచ్చే సింకోనా బెరడుపై నిపుణుడు. నీలగిరి కొండల్లో, భారతదేశంలోని ఇతర ప్రాంతాల్లో నాటిన సింకోనా తోటల బెరడును పరిశీలించి గ్రంథం రాశాడు. ఈ విధంగా ఆ కుటుంబానికి మన దేశంతో సంబంధం ఏర్పడింది.

నెపోలియన్ యుద్ధాలలో ఇళ్లూ పంటలూ పోగొట్టుకున్న జర్మన్ ప్రజల సహాయం కోసం విరాళాలు సేకరించి పంపే పనిలో హోవర్డ్ చురుకుగా పాల్గొన్నాడు. తరువాత యార్క్‌షైర్‌లోని ఆక్‌వర్త్ దగ్గర కొంతకాలం నివసించాడు. 1852లో భార్య మరణించాక లండన్ శివారు టాటెన్‌హామ్‌లో కుమారుడి ఇంట ఉన్నాడు. 1864 మార్చి 21న తొంభై ఒక్క ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ ఇంటి గోడపై 2002లో స్మారక ఫలకం ఏర్పాటు చేశారు. అందులో ఆయనను మేఘాలకు పేర్లు పెట్టినవాడిగానే పేర్కొన్నారు.

పాఠగత ప్రశ్నలు 2
సరైనవో కావో రాయండి.
(అ) క్యుములస్ అంటే లాటిన్‌లో పొర అని అర్థం.
(ఆ) లామార్క్ తన మేఘాల పేర్లను ఫ్రెంచి భాషలో పెట్టాడు.
(ఇ) రాత్రివేళ లండన్ నగరం పల్లె కంటే చల్లగా ఉంటుందని హోవర్డ్ కనుగొన్నాడు.

8. హోవర్డ్ తరువాత

హోవర్డ్ ఇంగ్లండు మేఘాలను చూసి పేర్లు పెట్టాడు. అవి ప్రపంచమంతటికీ సరిపోతాయా? ఈ సందేహం తీర్చుకోవడానికి రాల్ఫ్ అబర్‌క్రాంబీ అనే పరిశీలకుడు రెండుసార్లు ప్రపంచం చుట్టివచ్చాడు. అన్ని దేశాల్లోనూ మేఘాల రూపాలు అవే అని ఆయన నిర్ధారించాడు. అంతకుముందే రెను అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మధ్య ఎత్తులో ఉండే మేఘాలకు ఆల్టో–క్యుములస్, ఆల్టో–స్ట్రాటస్ అనే పేర్లు చేర్చాడు. 1896లో మొదటి అంతర్జాతీయ మేఘ చిత్రావళి వెలువడింది. అందులో మేఘాలు పది రకాలు. పేర్లన్నీ హోవర్డ్ పద్ధతిలో అల్లినవే.

9. పైనుంచి చూసిన మేఘాలు

నేలమీద నిలబడినవారికి తమ నెత్తిమీది ఆకాశమే కనిపిస్తుంది. భూమి మొత్తం మీద మేఘాలు ఎలా పరచుకున్నాయో హోవర్డ్ చూడలేకపోయాడు. 1960 ఏప్రిల్ 1న అమెరికా ప్రయోగించిన టైరోస్–1 ఉపగ్రహం 78 రోజులు పనిచేసి దాదాపు 23 వేల చిత్రాలు పంపింది. తుఫాను మేఘాలు వందల కిలోమీటర్ల మేర సుడులుగా తిరగడం అందులో కనిపించింది. తరువాతి ఉపగ్రహాల చిత్రాల్లో భూమధ్యరేఖ దగ్గర నడికట్టులా సాగే మేఘాల పట్టీ, సముద్రాలపై తేనెపట్టు గదుల్లా అమరిన మేఘాలు స్పష్టంగా తెలిశాయి. ఇవి నేలమీది మనిషి కంటికి అందని రూపాలు.

1983 జూలై నుంచి ఒక అంతర్జాతీయ పథకం కింద అనేక దేశాల ఉపగ్రహాల సమాచారాన్ని ఒకచోట చేర్చి ప్రపంచ మేఘాలను వర్గీకరించారు. కంప్యూటరుకు మబ్బు ఈకలా ఉందా, కుప్పలా ఉందా అని చూడడం కష్టం. అందుకని రెండు కొలతలు తీసుకున్నారు.

మొదటిది మేఘం పైభాగం ఎత్తు. పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది. ఉపగ్రహం పరారుణ కిరణాల ద్వారా మేఘం పైభాగపు ఉష్ణోగ్రత కొలుస్తుంది. ఎంత చల్లగా ఉంటే అంత ఎత్తున ఉన్నట్లు. ఆ ఎత్తును గాలి పీడనంలో చెబుతారు. 680 మిల్లీబార్ల కంటే ఎక్కువ పీడనం ఉంటే కింది మేఘం, 440 కంటే తక్కువైతే పై మేఘం, మధ్యలో ఉంటే మధ్య మేఘం.

రెండవది మేఘం దట్టం. దట్టమైన మేఘం సూర్యకాంతిని ఎక్కువగా తిప్పిపంపి తెల్లగా మెరుస్తుంది. పలుచని మేఘం గుండా కాంతి కిందికి దిగిపోతుంది.

ఎత్తులో మూడు తరగతులు, దట్టంలో మూడు తరగతులు. మొత్తం తొమ్మిది గళ్లు. పలుచని దాని నుంచి దట్టమైన దాని వరకు వరుసగా వాటి పేర్లు చూడండి.

పై మేఘాలు: సిర్రస్, సిర్రో–స్ట్రాటస్, ఉరుముల వాన కురిపించే నిలువు మేఘాలు.
మధ్య మేఘాలు: ఆల్టో–క్యుములస్, ఆల్టో–స్ట్రాటస్, నింబో–స్ట్రాటస్.
కింది మేఘాలు: క్యుములస్, స్ట్రాటో–క్యుములస్, స్ట్రాటస్.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పేర్లు హోవర్డ్ పద్ధతివే అయినా ఆధారం వేరు. హోవర్డ్ కింద నిలబడి ఆకారాన్ని చూశాడు. ఉపగ్రహం పైనుంచి చల్లదనాన్ని, కాంతిని కొలుస్తుంది. పైన దట్టమైన మేఘం ఉంటే దాని కింద ఉన్న మేఘం ఉపగ్రహానికి కనిపించదు. కింద దట్టమైన మేఘం ఉంటే పైది మనకు కనిపించదు. కాబట్టి రెండు పరిశీలనలు అన్నివేళలా ఒకే జవాబు ఇవ్వవు. రెండూ కలిస్తేనే నిజానికి దగ్గరవుతాం. 2006లో ప్రయోగించిన క్లౌడ్‌శాట్ వంటి ఉపగ్రహాలు రాడార్‌తో మేఘాల లోపలి పొరలను కూడా పరీక్షించాయి.

ఈ లెక్కలు ఎందుకు? కింద పరచుకునే దట్టమైన మేఘాలు సూర్యకాంతిని తిప్పిపంపి భూమిని చల్లబరుస్తాయి. ఎత్తున ఉండే పలుచని సిర్రస్ మేఘాలు కాంతిని రానిచ్చి, భూమి నుంచి పోయే వేడిని పట్టి ఉంచుతాయి. భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో ఏ రకం మేఘం ఎంత పెరుగుతుంది, ఎంత తగ్గుతుంది అనేది ముఖ్యమైన ప్రశ్న. మేఘాలను రకాలుగా విడదీయకుండా దీనికి జవాబు చెప్పలేం.

మన ప్రాంతం సంగతి కూడా తెలుసుకోండి. పై పథకానికి హిందూ మహాసముద్రం మీద స్థిరంగా నిలిచి చూసే ఉపగ్రహ సమాచారం 1998 వరకు క్రమంగా అందలేదు. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అయితే మన దేశం 1983 ఆగస్టులో అంతరిక్షంలోకి పంపిన ఇన్శాట్–1బి నుంచి సొంతంగా మేఘాల చిత్రాలు పొందుతూ వచ్చింది. 2002 సెప్టెంబరు 12న కల్పన–1, 2024 ఫిబ్రవరి 17న ఇన్శాట్–3డిఎస్ శ్రీహరికోట నుంచే ఎగిరాయి. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందని మీరు రేడియోలో విన్నప్పుడు, ఆ వార్త వెనుక ఇలాంటి చిత్రాలు ఉంటాయి.

10. మీరు నేర్చుకున్నది

– ల్యూక్ హోవర్డ్ (1772–1864) లండన్‌కు చెందిన మందుల వ్యాపారి. 1802లో మేఘాలను సిర్రస్, క్యుములస్, స్ట్రాటస్ అనే మూల రూపాలుగా, మొత్తం ఏడు రకాలుగా విభజించాడు.
– లాటిన్ పేర్లు కావడం వల్ల, మార్పులకు చోటు ఉండడం వల్ల ఆయన పద్ధతి అన్ని దేశాల్లో నిలిచింది.
– నగరాలు రాత్రివేళ పల్లెల కంటే వెచ్చగా ఉంటాయని కొలతలతో చూపాడు.
– ఉపగ్రహాలు మేఘాల ఎత్తు, దట్టం ఆధారంగా వర్గీకరిస్తాయి. పేర్లు మాత్రం హోవర్డ్ నుంచి వచ్చినవే.

11. చేసి చూడండి

ఏడు రోజులు ఉదయం, సాయంత్రం ఒకే చోట నిలబడి ఆకాశాన్ని చూడండి. ఒక పుస్తకంలో తేదీ, సమయం, మబ్బు రూపం (ఈకలా, కుప్పలా, పొరలా), ఆ తరువాత వాన పడిందా లేదా అన్నది రాయండి. మీ ఊళ్లో ఆ మబ్బును ఏమంటారో పెద్దలను అడిగి పక్కన రాయండి. వారం తరువాత ఏ మబ్బు వచ్చాక వాన పడిందో సరిచూసుకోండి. హోవర్డ్ చేసిన పని కూడా ఇలాగే మొదలైంది.

12. పాఠాంత ప్రశ్నలు

1. హోవర్డ్‌కు విశ్వవిద్యాలయ విద్య ఎందుకు అందలేదు? ఆయన ఆ లోటును ఎలా తీర్చుకున్నాడు?
2. లామార్క్ పేర్లు కాక హోవర్డ్ పేర్లు నిలవడానికి కారణాలు రాయండి.
3. నేలమీది పరిశీలనకూ ఉపగ్రహ పరిశీలనకూ గల తేడాలను వివరించండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు
1. (అ) క్వేకర్లు (ఆ) ఐస్‌లాండ్ (ఇ) ప్లెయిస్టో
2. (అ) సరైనది కాదు (ఆ) సరైనది (ఇ) సరైనది కాదు